ప్రమాణం ఎవరిది? ఆలస్యం ఎవరిది?

గత నెలలో నా సిద్ధాంత గ్రంథాన్ని విశ్వవిద్యాలయానికి సమర్పించాను. ఆరేళ్లు పట్టింది. రసీదు ఇస్తూ గుమాస్తా 'ఎందుకింత ఆలస్యం?' అన్నాడు. మన్యం నుంచి పరిశోధన దాకా వచ్చిన ఆదివాసీ విద్యార్థులకు ఈ ప్రశ్న కొత్త కాదు. మాకు చదువు అబ్బదన్న పాత తీర్పు అందులో దాగి ఉంటుంది. అందుకే జవాబు బహిరంగంగా చెప్పదలచుకున్నాను.

అరకు లోయలో గదబ స్త్రీలు నేసుకున్న కేరంగు నారచీర నా పరిశోధనాంశం. మా నాయనమ్మ తరం అడవి మొక్కల నార వడికి, తామే నేసుకుని కట్టుకునేది. ఆమె గుతోబ్‌లో చెప్పిన సంగతిని సంతలో ఆదివాసీ ఒరియాలో సరిచూసుకుని, తెలుగులో రాసుకుని, ఇంగ్లీషులో సమర్పించాలి. నాలుగు భాషలు దాటే వారికీ, చదివిన భాషలోనే రాసేవారికీ గడువు ఒక్కటే. యూజీసీ 2022 నిబంధనలు పీహెచ్‌డీకి ఆరేళ్లు, పునర్నమోదుతో మరో రెండేళ్లు ఇచ్చాయి. మహిళలకు, 40 శాతానికి మించిన వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్ల వెసులుబాటు న్యాయమైనదే. భాషల మధ్య నడిచే శ్రమ మాత్రం ఆ లెక్కలోకి రాలేదు.

మధ్యలో నా ఉపకార వేతనం తొమ్మిది నెలలు ఆగిపోయింది. హాస్టల్ బకాయి కట్టలేక ఇంటికి వెళ్లి, మా ఎకరం తోటలో కాఫీ పళ్లు కోశాను. ఆ డబ్బుతోనే మూడో అధ్యాయం టైపు చేయించాను. 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల, తన చివరి లేఖలోనూ ఏడు నెలల ఫెలోషిప్ బకాయిని ప్రస్తావించాడు. పేదింటి పరిశోధకులకు ఆ డబ్బే పుస్తకం, అన్నం, బస్సు చార్జీ. ఆగిన నెలలు గడువులోంచి మాత్రం తరిగిపోతూనే ఉంటాయి.

అన్నిటికన్నా నన్ను కుంగదీసింది తొలి ప్రతి మీద ఎర్ర సిరాతో రాసిన ఒక్క మాట: 'ఆధారం?' నార ఎప్పుడు తీయాలో, ఎలా నానబెట్టాలో నాయనమ్మ చెప్పిన వాక్యాల పక్కన ఆ మాట ఉంది. అదే పుటలో 1909 నాటి థర్‌స్టన్ ఏడు సంపుటాల నుంచి తీసుకున్న వాక్యానికి ఏ అభ్యంతరమూ లేదు. దక్షిణాది కులాల, తెగల మనుషుల తలలు, ముక్కులు కొలిచిన వలస పాలనాధికారి రాత ప్రామాణిక గ్రంథం. నేసిన మనిషి మాట వట్టి క్షేత్ర సమాచారం. చూసి పోయినవాడు ప్రమాణమైనప్పుడు, చేసినవారు ఎందుకు కారు? జ్ఞానంలో కులం పనిచేసే తీరు ఇదే. మన దగ్గర సమాచారం తీసుకుంటారు, పాండిత్యం మాత్రం ఇంకొకరి పేరున జమ అవుతుంది.

తెలుగు పాండిత్యానికి మరో దారి తెలియక కాదు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో సవరల దగ్గర సవర భాష నేర్చుకుని, వారి పిల్లల కోసం ఆ భాషలోనే వాచకాలు రాశారు. ఆయన జయంతిని ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ వేదికల మీద వాడుక భాషా ఉద్యమానికి దండలు పడతాయి. సవరలను గురువులుగా అంగీకరించిన ఆ వినయం ఎవరికీ గుర్తుండదు.

రెండుసార్లు తిరిగి రాశాక, చివరికి నాయనమ్మ పేరు పాదసూచికలో నిలిచింది. అది గెలుపే. కానీ ఒక్కొక్కరూ ఒంటరిగా గెలవవలసిన విషయం కాదిది. ఉపకార వేతనం నెలనెలా అందాలి. ఆగితే ఆగినన్ని నెలలు గడువు పెరగాలి. మౌఖిక సాక్ష్యాన్ని చెప్పినవారి అనుమతితో, వారి పేరుతో ఆధారంగా గుర్తించాలి. ఆదివాసీ భాషల్లో జరిగే పరిశోధనకు అనువాద వ్యయం, అదనపు కాలం ఇవ్వాలి. ప్రతి సిద్ధాంత గ్రంథం సారాంశమూ తెలుగులో ఆ ఊరి బడికి చేరాలి.

ఇవి దయతో ఇచ్చే మార్కులు కావు. మేము చేసిన పనిని పనిగా లెక్కగట్టమనడమే. మౌఖిక పరీక్ష ఇంకా మిగిలే ఉంది. అక్కడా ఆధారం అడుగుతారు; నాయనమ్మ పేరే చెబుతాను. ఆలస్యం గురించి అడిగితే, అది ఎవరిదో విశ్వవిద్యాలయాలే చెప్పాలంటాను.