రూపాయి బిళ్ళ మీద రెండో నక్షత్రం

మీ ఫోన్‌లోకి కూడా వచ్చే ఉంటుంది ఆ రీల్. ఒక అరచెయ్యి, అందులో పాత రూపాయి బిళ్ళ, కింద ఎర్ర అక్షరాల్లో "ఈ గుర్తు ఉంటే 5 లక్షలు". మా జమ్మలమడుగులో ఇది ఎంత పాకిందంటే, చిల్లర ఇవ్వాల్సిన అంగళ్ళవాళ్ళే బిళ్ళలు తిప్పి తిప్పి చూసుకుంటున్నారు.

పోయిన నెల మా పిన్నమ్మ కొడుకు ఫోన్ చేసినాడు. వాడు ప్రొద్దుటూరులో ఒక బంగారు అంగట్లో పని చేస్తాడు. "అన్నా, నా దగ్గర డబల్ స్టార్ కాయిన్ ఉంది. ఆన్‌లైన్‌లో ఒకాయన 3 లక్షలకి కొంటానంటన్నాడు. ముందు రిజిస్ట్రేషన్‌కి 1,850 కట్టాలంట. కట్టేదా?" వాడికొచ్చే జీతానికి ఆ 1,850 చిన్న మొత్తం కాదు. "రూపాయి కూడా కట్టొద్దు. ముందు బిళ్ళ సంగతి తేలుద్దాం, ఫొటో పంపు" అన్నాను.

ముందు ఆ నక్షత్రం ఏంటో చూద్దాం. మన నాణెం మీద సంవత్సరం కింద ఉండే చిన్న గుర్తు అది ఏ టంకశాలలో తయారైందో చెప్తుంది. ఐదు మూలల నక్షత్రం ఉంటే హైదరాబాద్. డైమండ్ ఆకారం ఉంటే ముంబై. గుండ్రటి చుక్క ఉంటే నోయిడా. ఏమీ లేకపోతే కోల్‌కతా. హైదరాబాద్ టంకశాల 1903లో నిజాం కాలంలో సైఫాబాద్‌లో మొదలై, 1997లో చర్లపల్లికి మారింది. పాత నాణేల మీద దాని గుర్తు వేరేగా ఉండేది: నిలువునా చీలిన డైమండ్, మధ్యలో చుక్క ఉన్న డైమండ్. 1985లో కొన్ని రూపాయి బిళ్ళలు విదేశాల్లో కూడా చేయించారు. అందుకే వాటిలో కొన్నింటి మీద ఇంగ్లండ్ బర్మింగ్‌హామ్‌ది 'హెచ్' కనిపిస్తుంది. ఊరి గుర్తు వెయ్యడం మనకేం కొత్త కాదు. మన గండికోటలో మొఘలుల కాలంలో టంకశాల నడిచినప్పుడు, నాణెం మీద 'గంజికోట్' అని ఊరి పేరే ఉండేది.

మరి ఒక నక్షత్రం రెండుగా ఎందుకు కనిపిస్తుంది? ఇక్కడే అసలు కిటుకు ఉంది. దానికి రెండు వేరు వేరు కారణాలున్నాయి. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్తే, ఒకటి కోడ్‌లో ఉన్న బగ్, ఇంకొకటి రన్ అయ్యేటప్పుడు వచ్చిన గ్లిచ్.

కోడ్‌లో బగ్ అంటే, తప్పు డై లోనే ఉండటం. డై అంటే నాణెం మీద బొమ్మ పడేలా కొట్టే ఉక్కు అచ్చు. అమెరికాలో సుమారు 1990 దాకా టంకశాల గుర్తుని ఒక్కో డై మీద చేత్తోనే, చిన్న పంచ్ పెట్టి సుత్తితో కొట్టేవాళ్ళు. మొదటి దెబ్బ వంకరగా పడితే పక్కనే ఇంకోటి కొట్టేవాళ్ళు. డై మీద రెండు గుంటలు పడ్డాయి కాబట్టి, నాణెం మీద రెండు గుర్తులూ ఉబ్బెత్తుగా లేస్తాయి. ఆ డైతో కొట్టిన ప్రతి నాణెం మీదా అదే తప్పు, అదే చోట వస్తుంది. కలెక్టర్లు డబ్బులు పెట్టేది దీనికే.

గ్లిచ్ అంటే స్ట్రైక్ డబ్లింగ్. ఇందులో డై బాగానే ఉంటుంది, కానీ మెషిన్‌లో కాస్త వదులుగా ఉంటుంది. దెబ్బ పడి డై వెనక్కి లేచేలోపు వెంట్రుకవాసి పక్కకి జరుగుతుంది. అప్పుడే లేచిన అక్షరం అంచుని నొక్కుకుంటూ పోతుంది. మనకి కనిపించే 'రెండో నక్షత్రం' నిజానికి నక్షత్రమే కాదు, మొదటిదాని అంచు నలిగి మెట్టులా అణిగిన ముక్క. ఏ దెబ్బకి ఎంత జరుగుతుందో లెక్క ఉండదు. చాలా మామూలుగా జరిగేదే, అందుకే దానికి ముఖవిలువ కంటే పెద్దగా ఏమీ రాదు.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: లోహం కొత్తగా లేచిందా, ఉన్నదే నలిగిందా? దీన్ని తేల్చడానికి నాలుగు పరీక్షలు.

ఒకటి, వెడల్పు. అదే ఏడాది, అదే టంకశాల మామూలు బిళ్ళని పక్కన పెట్టండి. అసలు తప్పయితే రెండు గుర్తులూ కలిపి మామూలుదానికంటే వెడల్పుగా ఉంటాయి. స్ట్రైక్ డబ్లింగ్‌లో మొత్తం కొలత మారదు, అసలు నక్షత్రం మాత్రం బక్కచిక్కి ఉంటుంది.

రెండు, ఆకారం. అసలుదాంట్లో రెండో గుర్తు కూడా మొదటిదానిలాగే ఉబ్బుగా ఉంటుంది. స్ట్రైక్ డబ్లింగ్‌లో అది పలకలా చదునుగా, కిందికి అణిగి, తరచూ అద్దంలా మెరుస్తుంటుంది.

మూడు, మొనలు. అసలుదయితే నక్షత్రం మొనల దగ్గర రెండుగా చీలిన గాటు కనిపిస్తుంది. నలిగినదాంట్లో ఆ గాటు ఉండదు.

నాలుగు, పక్కవాళ్ళు. సంవత్సరం అంకెలు, దగ్గర్లోని అక్షరాలు కూడా ఒకే వైపుకి లాగినట్టుంటే, డై జరిగిందని అర్థం. అలాగని ఒక్క నక్షత్రమే రెండయితే అసలుదేనని సంబరపడొద్దు. డై జరిగినప్పుడు ఒక్కోసారి చిన్న గుర్తు ఒక్కటే దెబ్బ తింటుంది.

మావాడికి ఒక సౌకర్యం ఉంది. వాళ్ళ అంగట్లో నగలు చూసే పది రెట్ల భూతద్దం ఉంటుంది. దాని కింద బిళ్ళ పెట్టి, లైటు ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి వేసి ఫొటోలు పంపినాడు. రెండో నక్షత్రం చదునుగా ఉంది. అసలు నక్షత్రం ఒక పక్క సన్నబడింది. సంవత్సరం చివరి అంకె కూడా అదే వైపుకి నలిగింది. స్ట్రైక్ డబ్లింగే. "అయితే ఇది రూపాయేనా అన్నా?" అన్నాడు. రూపాయే.

అసలువి ఉండవని కాదు. 1955లో అమెరికాలోని ఫిలడెల్ఫియా టంకశాల నుంచి, డై లోనే తప్పున్న ఒక సెంటు నాణెం బయటికొచ్చింది. ఇప్పుడు దాని ధర వెయ్యి డాలర్ల పైమాటే. తమాషా ఏంటంటే, అదే ఏడాది డై అరిగిపోయి చివరి 5 అంకె రెండుగా కనిపించే సెంట్లు కూడా వచ్చాయి. వాటికి కలెక్టర్లు పెట్టిన ముద్దుపేరు 'పేదవాడి డబల్ డై'. వాటికి వచ్చేది చిల్లరే. ఏడాది ఒకటే, నాణెం ఒకటే. తేడా అంతా తప్పు ఎక్కడ పుట్టిందన్న దాంట్లోనే.

మీ దగ్గర అనుమానం ఉన్న బిళ్ళ ఉంటే చింతపండుతో తోమకండి, తోమితే ఉన్న విలువా పోతుంది. అదే తప్పు, అదే చోట ఇంకో బిళ్ళ మీద దొరుకుతుందేమో వెతకండి. దొరికితే అప్పుడు నాణేలు తెలిసినవాళ్ళకి చూపించండి. నిజంగా కొనేవాడు బిళ్ళ చూసి మీకు డబ్బులిస్తాడు, మీ దగ్గర ఫీజు అడగడు. రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే చెప్పింది: పాత నాణేలు, నోట్ల కొనుగోళ్ళకి తాను ఎలాంటి ఛార్జీలూ, కమిషన్లూ తీసుకోనని, తన పేరు చెప్పి అడిగితే మోసమని. ఇప్పటికే కట్టేసి ఉంటే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.