రోగానికి కారణం పొరుగింట్లో వెతకొద్దు

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో అంతుపట్టని జబ్బు వచ్చిన మనిషి మంచం చుట్టూ చేరిన చుట్టాలు ముందుగా అనే మాట "ఎవరో ఏదో చేసిండ్రు" అని. మొన్నటిదాకా పత్తి ఏరిన పిల్ల ఉన్నట్టుండి చేతులెత్తి జడ వేసుకోలేకపోతుంది. కింద కూర్చుంటే లేవలేకపోతుంది. ఇంకో ఇంట్లో బాలెంతకు వేళ్ల కణుపులన్నీ వాచి పిడికిలి మూతపడదు. బస్సెక్కి ఆస్పత్రికి పోకముందే అంజనం వేసేవాడి గుమ్మం తొక్కుతారు. అతను పేరు చెప్పడు, ఆనవాలు చెబుతాడు. "మీ ఇంటికి తూర్పు దిక్కు. నల్లటి మనిషి. మొగడు లేనామె." ఆ ఆనవాళ్లకు సరిపోయే మనిషి ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. పేరు పెట్టే పని ఇంటివాళ్లే చేసుకుంటారు. ఒక రోగి ఉన్న ఊళ్లో తెల్లారేసరికి ఒక నేరస్థురాలు కూడా తయారవుతుంది.

ఎందుకొచ్చిందని అడగడం తప్పు కాదు. తాగుడూ తిరుగుడూ లేని మనిషికి, వంశంలో ఎవరికీ లేని జబ్బు వస్తే కారణం వెతుక్కోకుండా ఎవరుంటారు? ఆ ప్రశ్నను ఎవరి చేతిలో పెడుతున్నామన్నదే నా బాధ.

పైన చెప్పిన లక్షణాలు చాలాసార్లు ఆటో ఇమ్యూన్ జబ్బులవి. బయటి క్రిముల మీద పోరాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదికే తిరగబడుతుంది. కంచే చేను మేయడమన్నమాట. కండరాల మీద పడితే మయోసైటిస్, కీళ్ల మీద పడితే రుమటాయిడ్ ఆర్థరైటిస్, చర్మం, కిడ్నీ, రక్తం అన్నిటినీ పట్టుకుంటే లూపస్. ఇలాంటిది జరగనే జరగదని వైద్యులే చాలాకాలం నమ్మారు. 1956లో అమెరికాలో నోయెల్ రోజ్, ఎర్నెస్ట్ విటెబ్‌స్కీ కుందేళ్లకు వాటి థైరాయిడ్ రసాన్నే సూదితో ఎక్కించి, ఆ కుందేళ్లు తమ థైరాయిడ్‌ను తామే దెబ్బతీసుకోవడం చూపించాకే ఆ నమ్మకం కూలింది. ఆ దాడిని అదుపులో ఉంచే టీ కణాలను కనిపెట్టినందుకే 2025లో బ్రంకో, రామ్స్‌డెల్, సకగూచి అనే ముగ్గురికి నోబెల్ వచ్చింది. తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకుని వెతుకుతూ పోయారు కాబట్టి డెబ్బై ఏళ్లలో ఇంత దూరం వచ్చారు.

2022 అక్టోబరులో నటి సమంత తనకు మయోసైటిస్ ఉందని స్వయంగా ప్రకటించారు. చాలామంది తెలుగువాళ్లు ఆ జబ్బు పేరు వినడం అదే మొదలు. అది ఏమిటో తెలుసుకునే ఓపిక లేక, ఆమె విడాకులకూ, వేసిన వేషాలకూ, ఎవరి ఉసురుకో ముడిపెట్టి మాట్లాడినవాళ్లు తక్కువేమీ కాదు. చదువుకుని, చేతిలో ఫోను పెట్టుకుని "కర్మ" అన్నవాళ్లకూ, పల్లెలో "మంత్రాలు చేసిండ్రు" అన్నవాళ్లకూ నాకు తేడా కనబడదు. జబ్బు వచ్చిందంటే ఎవరో ఒకరు తప్పు చేసి ఉండాలన్నదే ఇద్దరి లెక్క.

ఆ లెక్క ఎంత ప్రమాదకరమో ఒక అరుదైన జబ్బును దగ్గరగా చూస్తే తెలుస్తుంది. పడుచుపిల్ల నిద్ర మానేస్తుంది. ఎవరో పిలుస్తున్నారంటుంది. ఒకే మాట పదేపదే అంటుంది, ఎన్నడూ నోట రాని తిట్లు తిడుతుంది. కొన్ని రోజులకు మాట పడిపోతుంది. మూతి, నాలుక వాటంతటవే కదులుతుంటాయి. ఫిట్స్ వస్తాయి. దీన్ని కళ్లారా చూసిన తల్లికి దయ్యం పట్టిందనే తోస్తుంది, అందులో ఆమె తప్పు లేదు. భూతవైద్యుడు వేపమండలతో కొడతాడు, మిరపకాయల పొగ పెడతాడు, జుట్టు పట్టుకుని "ఎవరివే నువ్వు" అని గద్దిస్తాడు. జబ్బు పేరు యాంటీ ఎన్‌ఎమ్‌డీఏ రిసెప్టర్ ఎన్‌సెఫలైటిస్. మెదడు కణాల మీద ఉండే ఒక ప్రొటీన్ మీద సొంత రక్తంలోని యాంటీబాడీలు చేసే దాడి ఇది. 2007లో జోసెప్ డాల్మౌ బృందం పన్నెండు మంది ఆడవాళ్లలో దీన్ని గుర్తించి లోకానికి చెప్పింది.

వాళ్లలో దాదాపు అందరికీ అండాశయంలో టెరటోమా అనే గడ్డ ఉంది. ఏ కణజాలంగానైనా మారగల కణం నుంచి పుట్టే గడ్డ కాబట్టి దాన్ని కోస్తే లోపల వెంట్రుకలు, పళ్లు కూడా కనబడవచ్చు. మెదడు కణజాలమూ ఉండవచ్చు. రోగనిరోధక వ్యవస్థ గడ్డలోని ఆ మెదడు కణాలను పరాయివనుకుని యాంటీబాడీలు తయారుచేస్తుంది, అవే తలలోని మెదడు మీదికీ పోతాయి. ఇప్పుడు ఆ గడ్డ తీసిన ఆపరేషన్ సంగతి ఊళ్లో తెలిసిందనుకోండి. "బాణామతి కాకుంటే కడుపులకు ఎంటికెలెట్లొచ్చె?" అంటారు. కడుపులోంచి వెంట్రుకలు, మేకులు తీసి చూపించే మంత్రగాళ్ల కథలు వింటూ పెరిగిన ఊరికి అంతకు మించిన రుజువేం కావాలి? కాబట్టి ఆస్పత్రిలో గడ్డ తీసిన డాక్టరే కుటుంబాన్ని కూర్చోబెట్టి ఆ వెంట్రుకలెక్కడివో వివరించాలని నా మనవి. అందరికీ గడ్డే ఉండదు. కొందరికి హెర్పిస్ మెదడువాపు తర్వాత వస్తుంది, చాలామందికి కారణం దొరకదు. దొరికినా దొరకకున్నా వైద్యం ఉంది. 2013లో 577 మంది రోగుల వివరాలు ప్రచురించినప్పుడు, వైద్యం అందుకుని రెండేళ్లు గడిచినవాళ్లలో నూటికి 80 మంది దాకా బాగా కోలుకున్నట్టు తేలింది. వైద్యం ఎంత త్వరగా మొదలైతే అంత మేలని కూడా తేలింది. వేపమండల దగ్గర పోయిన వారాలు తిరిగి రావు.

బాలెంతల సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. కాన్పయిన కొద్ది నెలలకు కీళ్లు వాస్తే మన దగ్గర తీర్పు సిద్ధంగా ఉంటుంది. చన్నీళ్లలో చెయ్యి పెట్టింది, పథ్యం చేయలేదు, పచ్చి ఒంటితో గడప దాటింది, గాలి సోకింది. అత్త కోడలిని అంటుంది, కోడలు తనను తానే నిందించుకుంటుంది. జరిగేదేమిటంటే, కడుపులో బిడ్డ ఉన్నన్నాళ్లూ రోగనిరోధక వ్యవస్థ తీరు మారుతుంది, రుమటాయిడ్ కీళ్లవాపు చాలామందిలో తగ్గుతుంది. కాన్పు తర్వాత తిరిగి విజృంభిస్తుంది, కొందరికి మొదటిసారి అప్పుడే బయటపడుతుంది. అమెరికాలోని మాయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టర్ కూడా దీన్నే గమనించాడు. గర్భం వచ్చినప్పుడూ, పచ్చకామెర్లు వచ్చినప్పుడూ కీళ్లనొప్పులు తగ్గుతున్నాయంటే ఒంట్లోనే ఏదో పదార్థం ఆ పని చేస్తుండాలని అనుకున్నాడు. ఏళ్ల తరబడి వెతికి 1948లో ఒక రోగికి కార్టిజోన్ ఇచ్చాడు. మంచం దిగలేని ఆమె కొద్ది రోజుల్లోనే నడిచింది. 1950లో ఆయనకూ, మరో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. కాన్పుకూ కీళ్లకూ సంబంధం ఉందని మన అవ్వలూ చూశారు, చూపులో లోపం లేదు. చూసినదాన్ని పరీక్షకు పెట్టకుండా కోడలి తప్పుగా మార్చడం దగ్గర కథ అడ్డం తిరిగింది.

నల్లగొండకు ఈ పాఠం కొత్తగా చెప్పాల్సిన పని లేదు. మర్రిగూడ, మునుగోడు వైపు తరతరాలుగా వెన్నులు వంగిపోయి, కాళ్లు వంకర్లు తిరిగి, పళ్లు గారపట్టి బతికిన మనుషులున్నారు. అది శాపమైతే పూజలతో పోవాలి. పోలేదు. నీళ్లు పరీక్షిస్తే ఫ్లోరైడ్ దొరికింది. లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడని చోట అంతకు ఎన్నో రెట్లున్న బావులు బయటపడ్డాయి. 1955లోనే డాక్టర్ సిద్దిఖీ నల్లగొండ ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు 1970ల్లో రూపొందించారు, ప్రపంచం దాన్ని నల్లగొండ టెక్నిక్ అనే పిలుస్తుంది. శివన్నగూడెం అంశాల స్వామి వంకర తిరిగిన ఎముకలతోనే ఢిల్లీ దాకా పోయి ప్రధాని ముందు మంచినీళ్ల గోడు వినిపించాడు, 2023 జనవరిలో కన్నుమూశాడు. ఆయన అడిగింది నీళ్లు. తాయత్తు కాదు.

అయితే కారణం ఒకసారి దొరికిందని అన్నిటికీ దాన్నే అంటగట్టడమూ హేతువాదం కాదు. నల్లగొండలో నడుం పట్టేసిన ప్రతి కుర్రాడికీ "ఫ్లోరైడ్ నీళ్లు" అనేస్తే ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్ ఉన్నవాడు అన్యాయమైపోతాడు. అదీ వెన్నెముకను కర్రలా బిగించేదే. కానీ అది సాధారణంగా చిన్న వయసులో మొదలవుతుంది, తెల్లవారి లేవగానే పట్టేసి తిరుగుతుంటే సడలుతుంది, ఎక్స్‌రేలో కటి దగ్గరి కీళ్లు ముందుగా దెబ్బతిని కనిపిస్తాయి. ఫ్లోరోసిస్‌లో ఎముక చిక్కబడుతుంది, ముంజేతి రెండెముకల మధ్య పొరలో సున్నం పేరుకుంటుంది. ఒకే ఊళ్లో పక్కపక్కన కూర్చున్న రెండు వంగిన వెన్నుల్లో ఒకటి బావి నీళ్ల వల్ల కావచ్చు, రెండోది సొంత రోగనిరోధక వ్యవస్థ వల్ల కావచ్చు. స్పాండిలైటిస్‌కు హెచ్‌ఎల్‌ఏ బి27 అనే జన్యువుతో సంబంధం ఉందని 1973లో తెలిసింది. ఆ జన్యువున్న ఎక్కువమందికి జీవితాంతం ఏమీ కాదు. మిగతావాళ్లకు జబ్బు ఎందుకు రాజుకుంటుందో ఇంకా పూర్తిగా తేలలేదు.

ఈ "తేలలేదు" అన్న మాటే జనానికి మింగుడుపడదు. మంత్రగాడు ఎన్నడూ ఆ మాట అనడు, అందుకే అతని దగ్గర గుంపు. కానీ తేలినవి ఎలా తేలాయో చూడండి. 2022లో కోటి మందికి పైగా అమెరికా సైనికుల వివరాలు జల్లెడపట్టి, ఎప్‌స్టీన్ బార్ అనే వైరస్ సోకాక మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ముప్పు 32 రెట్లు పెరుగుతుందని చూపారు. ఆ వైరస్ పెద్దవాళ్లలో దాదాపు అందరి ఒంట్లోనూ ఉంటుంది, జబ్బు వచ్చేది మాత్రం ఏ కొద్దిమందికో. అంటే ఒక్క కారణం చాలదు. జన్యువు, వైరస్, ఇంకా ఏవో కలవాలి. 2025 జనవరిలో పుణేలో గిలియన్ బారీ సిండ్రోమ్‌తో కాళ్లు చచ్చుబడి జనం ఆస్పత్రుల్లో చేరారు, ఫిబ్రవరిలో గుంటూరు ప్రభుత్వాస్పత్రిలోనూ ఒక ప్రాణం పోయింది. పుణే రోగుల నమూనాల్లో కాంపిలోబ్యాక్టర్ బ్యాక్టీరియా దొరికింది. కలుషితమైన నీళ్లతో, ఉడకని కోడికూరతో వచ్చే ఆ క్రిమి పైపొర మన నరాల పొరను పోలి ఉంటుంది, దానికోసం తయారైన యాంటీబాడీలు నరాలనూ కొరుకుతాయి. రాతిపొడి పీల్చేవాళ్లకు చర్మం బిగిసిపోయే స్క్లెరోడెర్మా ముప్పు ఎక్కువని దక్షిణాఫ్రికా గని కార్మికుల్లో 1950ల్లోనే గమనించారు. రాళ్లు కొట్టడానికి, సొరంగాలు తవ్వడానికి దేశమంతా తిరిగిన పాలమూరు లేబరుకు ఆ ముప్పు ఎంత ఉందో వెతకాల్సిన బాధ్యత ఎవరిది? మేస్త్రీ గుత్తేదారుల లెక్కల్లో ఆ దుమ్ము ఉండదు.

తన మందు వల్లే జబ్బు వస్తే శాస్త్రం దాన్నీ దాచలేదు. 2009లో స్వైన్ ఫ్లూకు వేసిన పాండెమ్రిక్స్ అనే టీకా తర్వాత ఫిన్లాండ్, స్వీడన్ పిల్లల్లో నార్కొలెప్సీ అనే నిద్రజబ్బు పెరిగింది. లెక్క కట్టి బయటపెట్టింది ఆ దేశాల ప్రభుత్వ ఆరోగ్య సంస్థలే. ఆ ఒక్క టీకా తప్పును పట్టుకుని టీకాలన్నీ విషమనేవాళ్లు, ఆ తప్పును బయటపెట్టింది కూడా శాస్త్రం లెక్కలేనని మరచిపోకూడదు. తన తాయత్తు పనిచేయలేదని ప్రకటించిన మంత్రగాడు ఎక్కడైనా కనిపించాడా?

"మరి మా పిల్లకు తాయత్తు కడితేనే తగ్గింది కదా" అంటారు. అబద్ధం చెప్పరు. లూపస్, మల్టిపుల్ స్క్లెరోసిస్, కండరాలు నీరసించే మయస్తీనియా చాలామందిలో ఎగసి, తగ్గి, మళ్లీ ఎగసే జబ్బులు. ఎవరైనా గుట్టకో దర్గాకో ఎప్పుడు పోతారు? జబ్బు ముదిరి ఓపిక పోయినప్పుడు. ఆ తర్వాత నెలా నలభై రోజులకు తగ్గడం దాని సహజ గుణం. యాదగిరిగుట్టలో మండలం దీక్ష పట్టినా, జాన్‌పహాడ్ ఉర్సుకు పోయినా, ఊరికే ఇంట్లో ఉన్నా కొంతమందికి ఆ నలభై రోజుల్లో తగ్గుతుంది. తగ్గినవాళ్లు ఊరంతా చెబుతారు, తగ్గనివాళ్లు మొక్కులో లోపం జరిగిందని మౌనంగా ఉంటారు. మొక్కుకోవద్దని నేనెవరినీ ఆపను. మొక్కుకున్నాక మందు ఆపితే మాత్రం, లోపల కిడ్నీ దెబ్బతినడం బయటికి కనిపించదు. పొట్లాల్లో అమ్మే కీళ్లనొప్పుల పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఉంటే వెంటనే హాయి అనిపించి తర్వాత ప్రాణం మీదికి వస్తుందని కూడా గుర్తుంచుకోవాలి.

లూపస్ బాధితుల్లో పదిలో తొమ్మిది మంది ఆడవాళ్లు. చేతబడి నింద పడేదీ ఎక్కువగా ఒంటరి ఆడవాళ్ల మీదే. మంత్రం పలకకూడదని తెలంగాణ పల్లెల్లో పళ్లూడగొట్టిన ఘటనలున్నాయి, కొట్టి చంపినవీ ఉన్నాయి. కారణం తెలియని ఒక జబ్బుకు ఇద్దరు ఆడవాళ్లు బలవుతున్నారు.

ఆరు వారాలకు మించి కీళ్లు వాచినా, ముక్కుకు రెండు వైపులా బుగ్గల మీద ఎండకు ముదిరే ఎర్రటి మచ్చలు వచ్చినా, చేతులెత్తలేకపోయినా, పిల్ల మాటతీరు కొన్ని రోజుల్లోనే మారిపోయినా జిల్లా ఆస్పత్రికి పోండి. మహబూబ్‌నగర్‌లో, నల్లగొండలో ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి, హైదరాబాద్ నిమ్స్‌లో ఈ జబ్బులకే రుమటాలజీ విభాగం ఉంది. ఇక నింద పడ్డవాళ్లను కాపాడే చట్టం సంగతి. మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్ హత్య తర్వాత మహారాష్ట్ర 2013లో చేతబడి, క్షుద్రపూజల పేరిట జరిగే అమానుషాలకు వ్యతిరేకంగా చట్టం తెచ్చింది. కర్ణాటక 2017లో తెచ్చింది. ఆ రెంటినీ ఆనుకుని ఉన్న తెలంగాణకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. పాలమూరు, నల్లగొండ ఎమ్మెల్యేలు పార్టీలు పక్కనపెట్టి అలాంటి బిల్లును శాసనసభలో ప్రవేశపెట్టాలి.