పెట్టె మీద కెల్విన్, కుండీలో చీకటి

ఏ నర్సరీ మేళాకి వెళ్ళినా ఇప్పుడు మొక్కల కంటే ముందు దీపాల స్టాలు పలకరిస్తోంది. అక్కడి కుర్రాడికి ఒకటే పాఠం వచ్చు. "ఆకు కావాలంటే ఆరువేల అయిదొందలు తీసుకోండి మేడమ్, పువ్వు కావాలంటే మూడువేలు." చెబుతున్నది రూపాయల్లో కాదు, కెల్విన్లలో. ఆ పక్కనే మెడ వంచిన క్లిప్ దీపాలు ఊదా రంగు చిమ్ముతుంటాయి. వాటి కింద మనీప్లాంటు పచ్చగా ఉందో, పండిపోయిందో పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు. "అది నాసా టెక్నాలజీ అండీ" అన్న మాటతో బేరం తెగుతుంది. వంటింటి గట్టు మీద కొత్తిమీర పెంచుదామని వచ్చిన ఇల్లాలు ఊదా దీపం ఒకటి, ఆకులకో బల్బు, పువ్వులకో బల్బు మోసుకుని ఇంటికి పోతుంది. కొత్తిమీర పువ్వుకొస్తే పీకి పారేస్తారన్న సంగతి ఆ స్టాల్లో ఎవరికీ గుర్తు రాదు.

ఈ రంగుల పిచ్చి ఎంత ముదిరిందంటే, మొక్క చచ్చినా నేరం కెల్విన్ మీదికే పోతోంది. "నాలుగు వేలది పెట్టావా, అందుకే!" దీపం ఎంత దూరాన ఉంది, ఎన్ని గంటలు వెలిగింది అని అడిగే నాథుడు లేడు.

అసలు కెల్విన్ మొక్క కోసం పుట్టిన కొలతే కాదు. ఇనుముని కొలిమిలో కాలిస్తే ముందు ఎర్రబారుతుంది, తర్వాత పసుపు, ఇంకా కాలితే తెలుపు. ఎంత వేడికి ఏ రంగు వస్తుందో భౌతికశాస్త్రం లెక్క కట్టింది. బల్బు పెట్టె మీద 3000 అని రాశారంటే, అంత వేడెక్కిన వస్తువు ఏ రంగులో వెలుగుతుందో ఈ బల్బు కూడా దాదాపు అదే రంగులో మన కంటికి కనబడుతుందని మాత్రమే అర్థం. మన కంటికి! ఆ వెలుగులో ఏ తరంగదైర్ఘ్యం ఎంతుందో ఆ అంకె చెప్పదు. ఒకే కెల్విన్ ఉన్న రెండు బల్బుల లోపలి మిశ్రమం వేరువేరుగా ఉండొచ్చు. మొత్తం వెలుగు ఎంతన్నది అసలే చెప్పదు. 9 వాట్ల బల్బుకీ 6500, స్టేడియం దీపానికీ 6500 వేసుకోవచ్చు. దాన్ని పట్టుకుని మొక్కకి దీపం ఎంచడమంటే కూర రంగు చూసి ఉప్పు సరిపోయిందని చెప్పడమే.

"మామూలు తెల్ల బల్బులో మొక్కకి కావలసిన రంగులుండవు" అన్నది రెండో పాఠం. ఇది పచ్చి అబద్ధం. తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉండేది నీలం చిప్పే. ప్రకాశవంతమైన నీలం ఎల్‌ఈడీని షుజీ నకమురా 1993లో బయటపెట్టాడు. ఆ నీలం దీపానికే అకసాకి, అమానోలతో కలిపి 2014లో నోబెల్ ఇచ్చారు. ఆ చిప్పు మీద పూసిన పసుపు ఫాస్ఫర్ పూత కొంత నీలాన్ని మింగి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు కాంతుల్ని వదులుతుంది. అన్నీ కలిస్తే తెలుపు. కిరాణా కొట్లో దొరికే బల్బులోనూ నీలం ఉంది, ఎరుపు ఉంది. ఆకుపచ్చ కూడా ఉంది. ఊదా దీపం వాళ్ళకి కంటగింపు ఆ ఆకుపచ్చే.

"ఆకు పచ్చగా ఉందంటే పచ్చ కాంతిని వెనక్కి కొడుతోందనే కదా, మరి ఆ కాంతి దండగేగా" అన్నది వాళ్ళ వాదం. స్కూలు పుస్తకంలో పత్రహరితం బొమ్మ ఒకటుంటుంది: నీలం దగ్గర ఒక శిఖరం, ఎరుపు దగ్గర ఒక శిఖరం, మధ్యలో లోయ. అది ఆకు నుంచి పిండి తీసి ద్రావణంలో కలిపిన పత్రహరితం గీత. బతికున్న ఆకు గాజుసీసా కాదు. దాని లోపల కాంతి కణం నుంచి కణానికి తగిలి తగిలి తిరుగుతుంది. పచ్చ కాంతిలో కూడా ఎక్కువ భాగాన్ని ఆకు పట్టేసుకుంటుంది, వెనక్కి వచ్చేది కొద్దిగానే. 1972లో అమెరికాలో కీత్ మెక్రీ 22 పంటల ఆకుల మీద ఒక్కో తరంగదైర్ఘ్యాన్నీ విడివిడిగా వేసి కిరణజన్య సంయోగక్రియని కొలిచాడు. 400 నుంచి 700 నానోమీటర్ల దాకా అంతటా అది నడిచింది. ఎరుపు కాస్త ముందు, నీలం కాస్త వెనక, ఆకుపచ్చ బాగానే పనిచేసింది. 2009లో జపాన్‌లో తెరాషిమా బృందం ఇంకో సంగతి చెప్పింది: ఆకు మీద బలమైన తెల్ల కాంతి ఉన్నప్పుడు అదనంగా వేసే పచ్చ కాంతి ఎర్ర కాంతి కంటే మెరుగ్గా పనిచేస్తుంది, ఎందుకంటే అది ఆకు అడుగు పొరల దాకా దిగుతుంది. మెక్రీ లెక్క వచ్చి యాభై ఏళ్ళు దాటింది. స్టాలు దాకా ఇంకా రాలేదు.

ఇక నాసా. నాసా పేరు చెబితే మనవాళ్ళు పర్సు తీయడం కొత్తేమీ కాదు. 1989 నాటి ఒక నివేదికని చూపించి గాలిని కడిగే మొక్కలంటూ స్నేక్ ప్లాంటుని ఇంటింటికీ అంటగట్టారు. మూతపెట్టిన చిన్న గదుల్లో చేసిన ఆ ప్రయోగానికీ, కిటికీలున్న ఇంటికీ సంబంధం లేదని చెప్పినా వినేదెవరు? ఊదా దీపం కథా అంతే. 1980ల చివర్లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో అంతరిక్ష పంటల కోసం ఎల్‌ఈడీలని పరీక్షించారు. అప్పటికి గట్టిగా వెలిగేవి ఎర్ర ఎల్‌ఈడీలే. గట్టిగా వెలిగే నీలం ఎల్‌ఈడీ ఇంకా పుట్టలేదు, నీలం కోసం ట్యూబులైట్లు కలపాల్సి వచ్చింది. చేతిలో ఉన్న సరుకు అది, వ్యోమనౌకలో కరెంటు పొదుపు చేయాలి, అందుకే ఎరుపూ నీలమూ. 2014లో అంతరిక్ష కేంద్రానికి పంపిన 'వెజ్జీ' పెట్టెలో ఎరుపు, నీలంతో పాటు ఆకుపచ్చ ఎల్‌ఈడీలు కూడా పెట్టారు. కారణం? ఊదా వెలుగులో ఆకుకూర తినేదానిలా కనబడదు! 2015 ఆగస్టు 10న వ్యోమగాములు కక్ష్యలో ఎర్ర లెట్యూస్ తిన్నది ఆ పెట్టెలో పండిందే. తర్వాత 2017లో పంపిన పెద్ద పెట్టెలో తెల్ల ఎల్‌ఈడీలు కూడా చేరాయి. నాసా ఊదా నుంచి ముందుకు వెళ్ళిపోయింది, మన క్లిప్ దీపం అక్కడే ఆగింది.

ఊదా వెలుగు ఇంట్లో చేసే అసలు చేటు వేరే ఉంది. దాని కింద ఆకు నల్లగా కనబడుతుంది. ఆకు పసుపెక్కినా తెలియదు, ఆకు అడుగున తెల్లదోమ గుంపు కట్టినా తెలియదు, కాడ మీద పిండినల్లి పాకినా తెలియదు. తెలిసేసరికి పక్క కుండీలకీ అంటుకుంటుంది.

పువ్వుకి మూడువేల కెల్విన్ అన్న సూత్రం ఎక్కడ పుట్టిందో తవ్వితే నవ్వొస్తుంది. ఎల్‌ఈడీలకు ముందు అమెరికాలో, హాలండ్‌లో గదుల్లో దొంగచాటుగా గంజాయి పెంచేవాళ్ళు రెండు రకాల దీపాలు వాడేవారు. మొక్క ఎదిగేటప్పుడు తెల్లటి మెటల్ హాలైడ్, పూతకి హై ప్రెషర్ సోడియం. ఆ రెండోది మనకి తెలియనిదేమీ కాదు, ఎల్‌ఈడీలు రాకముందు మన వీధుల్ని పసుపు చేసిన దీపమే. దాని కెల్విన్ 2000, 2100 మధ్య. దీపం మార్చేటప్పుడే వాళ్ళు ఇంకో పని చేసేవారు: రోజుకి 18 గంటలు వెలిగే దీపాన్ని 12 గంటలకి తగ్గించేవారు. గంజాయి పొద్దు తగ్గితే పూసే మొక్క. పూత తెచ్చింది ఆ 12 గంటల చీకటి. పేరు పసుపు బల్బు కొట్టేసింది. సోడియం దీపం నచ్చడానికి అసలు కారణం, అదే కరెంటుకి మొక్క వాడుకోగల కాంతిని ఎక్కువగా ఇవ్వడం. అంత పెద్ద లెక్కని "పసుపు వెలుగు పువ్వుకి మంచిది" అని కుదించేశారు. ఆ ముక్కే ఇప్పుడు మూడు చేతులు మారి మన మేళాకి వచ్చింది.

రాత్రి పొడవుకీ పూతకీ ఉన్న సంబంధం అంత రహస్యమా? 1920లోనే అమెరికా వ్యవసాయ శాఖలో గార్నర్, అలార్డ్ బయటపెట్టారు. వేసవంతా ఎంత ఎత్తు పెరిగినా పూయని మేరీలాండ్ మామత్ పొగాకుని రోజూ కొన్ని గంటలు చీకటి షెడ్డులో పెడితే పూసింది. తర్వాత తేలిందేమంటే, మొక్కలో ఫైటోక్రోమ్ అనే రంగుపదార్థం ఎరుపుని పసిగట్టి రాత్రి పొడవు కొలుస్తుంది. పొట్టి పగళ్ళకి పూసే మొక్క మీద నడిరాత్రి కాసేపు ఎర్ర వెలుగు పడితే పూత ఆగిపోతుంది. పాలీహౌస్‌లో చామంతి వేసే రైతుకి ఇది కొట్టిన పిండి. కాడ పొడుగు సాగేదాకా పూయకుండా ఉండటానికే ఆయన రాత్రిళ్ళు బల్బులు వెలిగిస్తాడు. డ్రాగన్ ఫ్రూట్ దానికి తిరగబడ్డ మొక్క, పొడుగు పగళ్ళకి పూస్తుంది. వియత్నాం రైతులు రాత్రి దీపాలతో అకాలంలో కాయిస్తారు, ఆ పద్ధతి మన రైతుల దాకా కూడా వచ్చింది. ఇద్దరూ వెలిగించేది బల్బే, అడిగేది ఎదురెదురు ఫలితం. ఇంత చరిత్ర ఉండగా, బాల్కనీలో చామంతి కుండీ మీద రాత్రి పదకొండింటి దాకా "పువ్వుల బల్బు" వెలిగించి మొగ్గ రాలేదని దిగులుపడే ఇళ్ళున్నాయి. ఆ బల్బే మొగ్గని ఆపుతోంది మహాప్రభో!

నీలానికి అసలు పనే లేదా? ఉంది. నీలం ఎక్కువైతే మొక్క పొట్టిగా, బలంగా ఉంటుంది; తక్కువైతే కాడలు సాగుతాయి. అంతకు మించి ఎంత తేడా? 2013లో యూటా స్టేట్ యూనివర్సిటీలో కోప్, బగ్‌బీ మూడు రకాల తెల్ల ఎల్‌ఈడీల కింద ముల్లంగి, సోయా, గోధుమ పెంచారు. పసుపు తెలుపులో నీలం వాటా 11 శాతం, మధ్యరకంలో 19, చల్లటి తెలుపులో 28. మూడింటి కిందా ఒకే మొత్తం కాంతి పడేలా చూశారు. ఎత్తులో, ఆకు తీరులో తేడాలొచ్చాయి. ఎండబెట్టి తూచితే బరువు మాత్రం మారలేదు. కెల్విన్ యుద్ధాలు చేసేవాళ్ళు ఈ ఒక్క ప్రయోగం చదివినా సగం కొట్లు మూసుకోవచ్చు.

మొక్క లెక్కపెట్టేది ఫోటాన్లని, అంటే కాంతి రేణువుల్ని. ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం ఆరుబయట సుమారు లక్ష లక్స్ వెలుగుంటుంది. చదరపు మీటరు మీద సెకనుకి 1900 మైక్రోమోళ్ళ ఫోటాన్లకి దగ్గర. రాత్రి హాల్లో దీపాలన్నీ వేసినా 200 లక్స్ అటూ ఇటూ, అంటే 3 మైక్రోమోళ్ళు. మన కన్ను సర్దుకుంటుంది కాబట్టి "భలే వెలుగుగా ఉంది" అనుకుంటాం. కొత్త ఫ్లాట్లలో ఈ సరదా మరీ ఎక్కువైంది. బాల్కనీకి అద్దాలు బిగించి గది చేసుకుంటారు, టీవీ పక్కన ఫాల్స్ సీలింగు కింద, పసుపు స్ట్రిప్ లైట్ల నీడలో రెండు వేల రూపాయల ఫిడిల్ లీఫ్ పెడతారు, మూడు నెలలకి ఆకులన్నీ రాల్చుకున్న కర్రని వాచ్‌మన్‌కి ఇచ్చి పడేయమంటారు. తర్వాత ఏ కెల్విన్ బల్బు మంచిదని వెతుకులాట.

లెక్క చూద్దాం. 9 వాట్ల మామూలు బల్బు సెకనుకి సుమారు 12 మైక్రోమోళ్ళు వదులుతుంది. సీలింగు నుంచి రెండున్నర మీటర్ల కింద ఉన్న కుండీకి అందేది అరకొర, చదరపు మీటరు లెక్కన ఒకటి కూడా కాదు. అదే బల్బుని అడుగు దూరానికి దించితే 40 దాటుతుంది. డెబ్భై రెట్ల తేడా! ఇంత తేడా తెచ్చే కెల్విన్ ఏదైనా ఉంటే చూపించమనండి. అయినా సంబరపడటానికి లేదు. అడుగు దూరంలో 14 గంటలు వెలిగినా రోజు మొత్తానికి చేరేది 2 మోళ్ళు. మనీప్లాంటు దానితో బతికేస్తుంది. తులసి కుటుంబానికే చెందిన బేజిల్‌కి గ్రీన్‌హౌస్ రైతులు రోజుకి 12 మోళ్ళ దాకా ఇస్తారు. అంటే ఆరు బల్బులు, నెలకి దాదాపు 23 యూనిట్ల కరెంటు. దేవుడి గదిలో తులసి ఎందుకు నిలవదో చెప్పడానికి వాస్తు పండితుడు అక్కర్లేదు.

ఈ లెక్క తెలిస్తే క్లిప్ దీపం ఎవరూ కొనరు కాబట్టే దాని పెట్టె మీద ఆ అంకె ఉండదు. యూఎస్‌బీ తీగతో నడిచే దీపం మీద 40 వాట్లు, 60 వాట్లు అని పెద్దక్షరాలు. 5 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టరు ఇచ్చేది గుణిస్తే పదే వాట్లు. "ఫుల్ స్పెక్ట్రమ్" అన్నది ఇంకో ముద్ర, దానికి కొలతా లేదు, అడిగేవాడూ లేడు.

అంతస్తుల మీద అంతస్తులు కట్టి ఆకుకూర పండించే పెద్ద కంపెనీలు ఎరుపు, నీలం దీపాలు వాడుతున్నాయి కదా అంటారు. వాళ్ళు కరెంటు బిల్లుని లక్షల్లో కడతారు, ఎరుపు చిప్పు తక్కువ కరెంటుకి ఎక్కువ ఫోటాన్లిస్తుంది, ఆ లెక్క వాళ్ళది. ఒక కుండీ వాళ్ళకి దాంతో పనిలేదు.

మరి ఏం చేయాలి? కంటికి ఇంపైన తెల్ల బల్బు ఏదైనా సరే, దగ్గరికి దించండి, టైమర్ పెట్టండి. ఫోన్లో లక్స్ కొలిచే యాప్ ఉంటుంది. అంత కచ్చితం కాకపోయినా, వచ్చిన అంకెని 70తో భాగిస్తే మైక్రోమోళ్ళు ఉజ్జాయింపుగా తెలుస్తాయి. కిటికీ ఉంటే ముందు కిటికీ. అమెరికాలో డిజైన్‌లైట్స్ కన్సార్టియం అనే సంస్థ పంట దీపాల జాబితా పెట్టినప్పుడు, ఒక్కో జౌలు కరెంటుకి కనీసం 1.9 మైక్రోమోళ్ళు ఇవ్వాలని గీత గీసింది. తర్వాత ఆ గీతని ఇంకా పైకి జరిపింది. మన తొమ్మిది వాట్ల బల్బు 1.3 దగ్గర ఆగుతుంది. ఊదా క్లిప్ దీపం ఎక్కడ ఆగుతుందో దాని పెట్టె ఎన్నిసార్లు తిప్పి చూసినా కనబడదు.