నాకౌట్‌కు ముందే జరిగే ఓటమి

2024 ఫిబ్రవరి 26. ఇండోర్ హోల్కర్ స్టేడియంలో రంజీ క్వార్టర్ ఫైనల్, నాలుగో రోజు. మధ్యప్రదేశ్ పెట్టిన లక్ష్యం 170. ఆంధ్ర 165కే ఆలౌట్. నాలుగంటే నాలుగే పరుగుల తేడా. ప్రత్యర్థిని రెండో ఇన్నింగ్స్‌లో 107కే కూల్చిన బౌలర్ల చెమట, హనుమ విహారి అర్ధసెంచరీ, ఆ సీజన్‌లో దేశంలోనే అందరికంటే ఎక్కువగా రికీ భుయ్ చేసిన 902 పరుగులు, అన్నీ ఆ నాలుగు పరుగుల దగ్గర ఆగిపోయాయి. అభిమానులు అన్నది ఒకటే: మనోళ్లకి అదృష్టం లేదు.

అదృష్టం సంగతి తర్వాత. ముందు ఇంకో రెండు స్కోరుకార్డులు చూడాలి.

సరిగ్గా ఏడాది ముందు, 2023లో, అదే ఇండోర్, అదే మధ్యప్రదేశ్, అదే క్వార్టర్ ఫైనల్. ఆంధ్ర తొలి ఇన్నింగ్స్‌లో 379 కొట్టింది. రికీ భుయ్, కరణ్ షిండే సెంచరీలు చేశారు. అవేశ్ ఖాన్ బంతికి మణికట్టు విరిగిన విహారి, కట్టుతో తిరిగొచ్చి ఎడమచేతివాటంగా నిలబడి ఒంటిచేత్తో బ్యాటు ఊపిన దృశ్యం దేశమంతా చూసింది. ప్రత్యర్థి 228కే ఆలౌట్. చేతిలో 151 పరుగుల ఆధిక్యం. ఆ తర్వాత ఆంధ్ర రెండో ఇన్నింగ్స్ 93. మధ్యప్రదేశ్ 245 పరుగుల లక్ష్యాన్ని ఐదు వికెట్లు పోగొట్టుకుని అందుకుంది. విహారి వీరత్వం గుర్తున్నంతగా ఆ 93 ఎవరికీ గుర్తులేదు. గుర్తుండాల్సింది ఆ అంకె.

2020లో క్వార్టర్ ఫైనల్ సొంత గడ్డ ఒంగోలులోనే జరిగింది. సౌరాష్ట్ర 419, ఆంధ్ర 136. మ్యాచ్ డ్రా అయినా తొలి ఇన్నింగ్స్ ఆధిక్యంతో సౌరాష్ట్ర సెమీస్‌కు వెళ్లి, చివరికి ట్రోఫీ కూడా ఎత్తింది. మూడు క్వార్టర్ ఫైనళ్లలో మూడుసార్లూ కుప్పకూలింది. ఒకసారైతే గ్రహచారం అనుకోవచ్చు. మూడోసారి కూడా అదే మాట అంటే, చూడాల్సిన చోట చూడటం మానేసినట్టే.

చూడాల్సిన చోటు లీగ్ దశ. ఇప్పటి పద్ధతిలో ఎలైట్ విభాగంలో ఎనిమిదేసి జట్లతో నాలుగు గ్రూపులు. ప్రతి జట్టూ ఏడు మ్యాచ్‌లు ఆడాలి. గ్రూపులో మొదటి రెండు స్థానాలవాళ్లు క్వార్టర్ ఫైనల్‌కు వెళతారు. మ్యాచ్ గెలిస్తే 6 పాయింట్లు. ఇన్నింగ్స్ తేడాతోనో పది వికెట్లతోనో గెలిస్తే ఇంకొకటి అదనం. డ్రా అయితే తొలి ఇన్నింగ్స్ ఆధిక్యం ఉన్నవాళ్లకు 3, లేనివాళ్లకు 1. పైకి చిన్న లెక్కలే. కానీ నాలుగు రోజులు సొంత మైదానంలో ఆడి 3 పాయింట్లతో తృప్తిపడే జట్టుకూ, ఆరో ఏడో లాక్కునే జట్టుకూ మధ్య దూరం జనవరి చివరికి కొండంత అవుతుంది.

2023-24 సీజన్ తొలి మ్యాచ్ విశాఖలో బెంగాల్‌తో. రికీ భుయ్ 175 చేశాడు, ఆధిక్యం దక్కింది, మ్యాచ్ డ్రా, 3 పాయింట్లు. మనవాళ్లు సంతోషించారు. వెంటనే ముంబై వెళ్లారు. అక్కడ ముంబై పది వికెట్ల తేడాతో గెలిచి 7 పాయింట్లు పట్టుకుపోయింది. సీజన్ చివర ముంబై గ్రూపులో మొదటిది, ఆంధ్ర రెండోది. ఆ ఏడాది నాలుగు క్వార్టర్ ఫైనళ్లూ గ్రూపుల్లో మొదట నిలిచిన జట్ల సొంతూళ్లలోనే జరిగాయి: నాగపూర్, ముంబై, కోయంబత్తూరు, ఇండోర్. అంటే ఆంధ్ర ఇండోర్ వెళ్లాల్సి వచ్చింది ఫిబ్రవరిలో ఎవరో చీటీ తీస్తే కాదు. గెలవాల్సిన చోట డ్రాలతో సరిపెట్టుకున్న వారాల్లోనే ఆ టికెట్టు బుక్ అయింది. ముంబైని దాటడం తేలికా అంటే కాదు. కానీ దాటాలన్న లెక్కతో ఆడారా అన్నదే ప్రశ్న.

అంతకు ముందు సీజన్ ఇందుకు ఎదురు సాక్ష్యం. 2023 జనవరిలో చివరి లీగ్ మ్యాచ్‌లో ఆంధ్ర అస్సాంను ఇన్నింగ్స్ తేడాతో ఓడించి ఆ ఏడో పాయింటు కూడా సంపాదించింది. అదే సమయంలో ముంబై, మహారాష్ట్ర తొలి ఇన్నింగ్స్‌లో చెరో 384 చేసి సమంగా నిలిచి, రెండూ ఇంటిదారి పట్టాయి. ఒక్క పాయింటుకు ఉన్న విలువ ఆ వారం మన ఉత్తరాంధ్రలో ఎంతమందికి తెలిసిందో అనుమానమే. పత్రికల్లో లోపలి పేజీలో రెండు పేరాలు పడితే గొప్ప. తప్పు పత్రికలది కూడా.

ఇవాళ ఇంత పట్టింపు లేకపోయినా, ఉత్తరాంధ్రలోని విజయనగరానికి ఈ రంజీతో ఉన్న సంబంధం మాత్రం చాలా పాతది, కాస్త వంకరది కూడా. 1934లో పటియాలా మహారాజా భూపీందర్ సింగ్, రంజిత్‌సింహ్‌జీ పేరిట జాతీయ పోటీకి బంగారు కప్పు ఇస్తానన్నాడు. దాన్ని పక్కకు నెట్టి వైస్రాయ్ విల్లింగ్డన్ పేరిట ట్రోఫీ పెట్టించాలని తెరవెనుక నడిచినవాడు విజయనగరం మహారాజకుమార్, అందరికీ తెలిసిన విజ్జీ. ఆ ఎత్తు పారలేదు. పారి ఉంటే ఇవాళ మనవాళ్లు విల్లింగ్డన్ ట్రోఫీ క్వార్టర్ ఫైనల్లో ఓడిపోతూ ఉండేవారు. 1936లో ఆయనే భారత జట్టు కెప్టెన్‌గా ఇంగ్లండ్ వెళ్లాడు. మూడు టెస్టుల్లో కలిపి చేసినవి 33 పరుగులు. సిరీస్ 0-2తో పోయింది, పర్యటన మధ్యలో లాలా అమర్‌నాథ్‌ను ఇంటికి పంపించేశాడు. హాబ్స్‌ను, సట్‌క్లిఫ్‌ను పిలిపించి సొంత జట్టులో ఆడించినంత ధనవంతుడు. అయితే ఆయన క్రికెట్ నడిపించినది ఎక్కువగా కాశీలో, మన ఊళ్లో కాదు. ఆంధ్ర జట్టు రంజీలోకి వచ్చిందే 1953-54లో. ఆ తొలి సీజన్‌లో 58 ఏళ్ల సి.కె. నాయుడు ఆంధ్ర తరఫున బరిలో దిగారు.

ఇప్పుడు విజయనగరంలో రంజీ లీగ్ మ్యాచ్‌లు జరిగే మైదానానికి విజ్జీ అన్నగారి కొడుకు పి.వి.జి. రాజు పేరుంది. పైడితల్లి సిరిమాను సంబరానికి ఇసకేస్తే రాలని ఊరు అది. ఇప్పుడు రంజీ సీజన్ మొదలయ్యేదీ ఆ సంబరం జరిగే అక్టోబరులోనే. మైదానంలో మాత్రం ఆటగాళ్ల బంధువులు, ఇద్దరు ముగ్గురు కోచ్‌లు, చెట్టు నీడన నలుగురు పెద్దవాళ్లు. నాలుగు రోజుల ఆట చూడటానికి తీరిక ఎవరికుంటుందన్న మాట నిజమే. ఆ తీరిక లేనివాళ్లే ఫిబ్రవరిలో ‘ఎందుకు ఓడిపోయార్రా’ అని అడుగుతారు.

ఇక ఒంగోలులో 136, ఇండోర్‌లో 93 ఎందుకొచ్చాయి? సొంతూరు కలిసొస్తుందన్న వాదన ఒంగోలు దగ్గర నిలవదు. అక్కడ ఇంకో కారణం వెతకాలి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో కుర్రాడికి క్రికెట్ అంటే టెన్నిస్ బంతి, పది పన్నెండు ఓవర్లు, సంక్రాంతి కప్పు. ఓడితే ఆ సాయంత్రానికి ఇంటికి. అంటే పుట్టినప్పటి నుంచీ వాడు ఆడేది నాకౌటే. అయినా రాష్ట్రం జట్టు నాకౌట్లోనే తడబడుతోంది. వింతగా ఉన్నా కారణం కనబడుతూనే ఉంది. ఆ పది ఓవర్లలో కొట్టడం వస్తుంది, నిలబడటం రాదు. బంతి తిరుగుతున్న నాలుగో రోజున, గంటసేపు ఒక్క పరుగూ లేకపోయినా వికెట్ ఇవ్వకుండా ఉండటం నేర్పే పోటీ ఊళ్లో లేదు.

పొట్టి ఆట తప్పని కాదు. టెక్కలి కుర్రాడు త్రిపురాన విజయ్‌ను 2024 నవంబరు వేలంలో ఢిల్లీ క్యాపిటల్స్ 30 లక్షలకు తీసుకున్నప్పుడు జిల్లా అంతా పండగ చేసుకుంది, చేసుకోవాల్సిందే. 2022లో ఆంధ్ర ప్రీమియర్ లీగ్ మొదలైనప్పుడు ఆరు జట్లలో ఒకటి ఉత్తరాంధ్ర లయన్స్. 2025కి జట్లు ఏడయ్యాయి, పేర్లలో ఉత్తరాంధ్ర మాయమైంది. మ్యాచ్‌లన్నీ విశాఖలోనే. శ్రీకాకుళంలో కోడి రామమూర్తి పేరున్న స్టేడియమేమో ఏళ్ల తరబడి మొండిగోడలతో ఉండిపోయింది.

ఆంధ్ర క్రికెట్ సంఘానికి డబ్బు లేదనలేం. చేయాల్సింది కూడా పెద్దదేం కాదు. విజయనగరంలో రంజీ మ్యాచ్ ఉన్న నాలుగు రోజులూ చుట్టుపక్కల హైస్కూళ్ల పిల్లల్ని వంతులవారీగా బస్సుల్లో తీసుకురావచ్చు. పిచ్ మీద కాస్త పచ్చిక ఉంచి, డ్రాకు కాకుండా ఫలితానికి వికెట్ తయారు చేయించవచ్చు. ఓడితే ఓడతారు, ఆరు పాయింట్ల రుచి అప్పుడే తెలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జట్ల మధ్య సీనియర్ స్థాయిలో ఎర్రబంతితో మూడేసి రోజుల మ్యాచ్‌లు ఇంటా బయటా ఏటా ఆడించాలి. పాయింట్ల పట్టిక ప్రతి వారం జిల్లా పేజీలో రావాలి. దానికి ఫైనలూ వద్దు, ప్లేఆఫూ వద్దు. సీజన్ చివర ఎవరి పాయింట్లు ఎక్కువైతే కప్పు వాళ్లకే ఇచ్చేయాలి.