షాక్‌కి తాళం వేయాలా?

ముందూ వెనకా షాక్ అబ్జార్బర్లున్న మౌంటెన్ బైకుని ఎత్తు మీదకి తొక్కి చూడండి. పెడల్ నొక్కిన ప్రతిసారీ బండి ఉయ్యాలలా కుంగి లేస్తుంది. కాళ్ల బలంలో కొంత చక్రానికి చేరకుండా ఆ ఊపులోనే పోతుందన్నమాట. దీనికి విరుగుడుగా వచ్చిందే లాకౌట్. చిన్న మీట తిప్పితే షాక్‌లో నూనె పారే దారి మూసుకుపోతుంది. నూనె కదలకపోతే షాకూ కదలదు. బండి మామూలు సైకిల్‌లా బిగుసుకుంటుంది.

మరి దీనికోసం అదనంగా డబ్బు పెట్టాలా? అది మీరు ఎక్కే దారిని బట్టి ఉంటుంది. నున్నటి తారురోడ్డు మీద, అందులోనూ లేచి నిలబడి తొక్కేటప్పుడు లాకౌట్ ఉంటే హాయే. రాళ్లూ చెట్ల వేళ్లూ ఉన్న ఎత్తయితే కథ వేరు. అక్కడ వెనక చక్రం నేలని అంటిపెట్టుకుని ఉండాలి. షాక్ బిగిసిందంటే చక్రం ఎగిరెగిరి పడి పట్టు తప్పుతుంది. కుదుపులకి మనిషీ తొందరగా అలిసిపోతాడు. మిగిల్చిన బలం కాస్తా అక్కడే ఖర్చు!

పైగా ఇప్పుడు వస్తున్న మంచి ఫ్రేముల్లో వెనక చక్రానికి కీలు ఎక్కడ పెట్టాలో లెక్కకట్టి మరీ పెడుతున్నారు. గొలుసు లాగే బలమే షాక్‌ని కుంగకుండా చాలావరకు ఆపుతుంది. అలాంటి బండికి పూర్తి తాళం కన్నా సగం బిగించే మధ్య స్థాయికే నా ఓటు.

పందేలవాళ్లకి మాత్రం లాకౌట్ కావాల్సిందే. 2016 రియో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన స్విట్జర్లాండ్ వీరుడు నీనో షుర్టర్ తొక్కింది స్కాట్ స్పార్క్. ఆ కంపెనీ ట్విన్‌లాక్ పద్ధతిలో హ్యాండిల్ మీది ఒక్క మీటతోనే ముందు ఫోర్కూ వెనక షాకూ కలిసి మూడు స్థాయిల్లో మారతాయి. చెయ్యి తీయక్కర్లేదు. మీట ఎక్కడో కింద షాక్ మీద ఉంటే తిప్పడానికి బద్ధకం, తిప్పాక తీయడం మరపు. బిగించిన షాక్‌తోనే దిగువకి దూకేవాళ్లు ఎందరో! ఈ బెడద లేకుండా తనంతట తానే బిగించి వదిలే ఎలక్ట్రానిక్ ఏర్పాటుని శ్రామ్ కంపెనీ 2021లో తెచ్చింది. ధర వింటే మనకే షాక్.

కొనేముందు ఓ చిన్న పరీక్ష. చాలా షాక్‌ల కడ్డీ మీద సన్నటి రబ్బరు రింగు ఉంటుంది. మీరు సీటు మీద కూర్చున్నాక ఇంకొకర్ని దాన్ని సీలుకి ఆనేలా తోయమనండి. లాకౌట్ వేయకుండా నున్నటి ఎత్తు మీద ఓ నిమిషం కూర్చునే తొక్కండి. రింగు పెద్దగా జరగకపోతే ఆ అదనపు డబ్బు మంచి టైర్లకి పెట్టుకోవచ్చు.