సంధి రాత్రి వీరగాథ

ఫిలిప్పీన్స్‌లో, లుజాన్ దీవి ఉత్తరాన ఉన్న కొండల్లో కళింగ అనే తెగ ఉంది. మన కళింగాంధ్రతో వాళ్లకు చుట్టరికమేమీ లేదు. వాళ్ల వీరగాథ పేరు ఉల్లలిమ్. నాయకుడు బన్నా అందగాడు, మంత్రశక్తులున్నవాడు, శత్రువు తల నరికి తెచ్చే మొనగాడు. ఇంత నెత్తురు పారే గాథను వాళ్లు యుద్ధానికి బయల్దేరేటప్పుడు కాదు, రెండూళ్లు సంధి చేసుకున్నాక జరిగే విందులో పాడతారు. నన్ను ఈ గాథ వైపు లాగింది ఈ సంగతే.

ఆ సంధిని బొడోంగ్ అంటారు. రెండు వైపులా ఒక్కో పెద్దమనిషి దానికి పూచీ పడతాడు. తన ఊరివాడు అవతలి ఊరివాణ్ని గాయపరిచినా, వాళ్ల సొమ్ము దొంగిలించినా ఆయనే జవాబు చెప్పాలి, తప్పు కట్టించాలి. షరతులు కుదిరాక పశువును కోస్తారు, గాంగ్సా అనే జేగంటలు మోగుతాయి, ఆట సాగుతుంది. తర్వాత ఒక్క గొంతు లేస్తుంది. పాత పగలున్న రెండూళ్లవాళ్లూ పక్కపక్కనే కూర్చుని బన్నా పరాక్రమం వింటారు. పగను మరిచిపొమ్మని అక్కడ ఎవరూ నీతులు చెప్పరు. తాతల పౌరుషాన్ని తనివితీరా పాడుకుంటారు, కత్తి మాత్రం ఒరలోనే ఉంటుంది. శాంతిని నిలబెట్టే తెలివి ఇంతకన్నా ఏముంటుంది?

ఇందులో ప్రేమకథకూ లోటు లేదు. బన్నా మనసు పడింది లగ్గునావా మీద. యువతీయువకుల మధ్య మాట కలిసేది వక్కాకు పంచుకోవడంతోనే. ఒక గాథలో బన్నా తండ్రి దుల్లియావ్‌ను స్పానిష్ సైనికులు పట్టుకుపోయి చెరలో వేస్తారు. చెర నుంచి అతను విసిరిన వక్క అతను మనసిచ్చిన దులావ్‌కు చేరుతుంది. అది తిన్న ఆమెకు బన్నా పుడతాడు. తోటి పిల్లలు అతణ్ని వెక్కిరిస్తారు. ఆ మాట పడలేక పిల్లవాడు మంత్రబలంతో నిలువెత్తు మగవాడై, చెరసాల మీదికే వెళ్తాడు. పాత వీరుడి కథలోకి వలసపాలకుణ్ని ఇలా లాక్కొచ్చి ఓడించడం చూస్తే, గాయకులు ఏనాటి కథనూ గడ్డకట్టనివ్వలేదని తెలుస్తుంది. ఫ్రాన్సిస్ బియే, ఫ్రాన్సిస్ లాంబ్రెక్ట్ అనే మిషనరీలు సేకరించిన ఈ గాథలు 1970లో పుస్తకంగా వచ్చాయి. అది గొప్ప సేవే. కానీ పుస్తకం సంధి కుదర్చలేదు.

ఆ పుస్తకం వచ్చిన కొన్నేళ్లకే అప్పటి ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు మార్కోస్ ప్రభుత్వం ప్రపంచ బ్యాంకు అండతో, ఆ కొండల్లో పారే చికో నది మీద వరసగా నాలుగు ఆనకట్టలు తలపెట్టింది. మునిగేవి కళింగ, బొంటోక్ తెగల ఊళ్లు, మెట్ల మెట్లుగా చెక్కుకున్న వరి మళ్లు, పూర్వీకుల సమాధులు. ఎన్నో తగవులున్న ఊళ్లు అప్పుడు ఒక్కటయ్యాయి. 1975లో పెద్దలు కూర్చుని, ఊరికీ ఊరికీ మధ్య ఉండే బొడోంగ్‌ను ఆనకట్టకు ఎదురు నిలిచే ఉమ్మడి కట్టుబాటుగా మలిచారు. ముందు నిలిచినవారిలో బుగ్నాయ్ ఊరి పెద్ద మాక్లిఇంగ్ దులాగ్ ఒకరు. 1980 ఏప్రిల్ 24 రాత్రి సైనికులు ఆయన్ను ఇంటి దగ్గరే కాల్చి చంపారు. ఉద్యమం చల్లారలేదు. ప్రపంచ బ్యాంకు వెనక్కి తగ్గింది, ఆ ఆనకట్టలు ఆగిపోయాయి. పోలవరం ముంపులో ఊళ్లు వదిలిన కోయలనూ కొండరెడ్లనూ చూసినవాళ్లకు, ఆ లోయ మునిగి ఉంటే పాటతో పాటు ఏమేమి పోయేవో వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఉల్లలిమ్ పేరుతో ప్రభుత్వ పండుగే జరుగుతోంది. మైదానంలో వేలమంది జేగంటలు మోగించి ప్రపంచ రికార్డులు కొడుతున్నారు. పిల్లలు తమ వేషం వేసుకుని గర్వంగా నడవడం మంచిదే. లుబువాగన్‌కు చెందిన అలోంజో సక్లాగ్ జీవితమంతా సంగీతాన్నీ నృత్యాన్నీ పిల్లలకు నేర్పించారు, 2000లో జాతీయ స్థాయి పురస్కారం అందుకున్నారు. అలాంటి కృషికి చేతులెత్తి మొక్కాలి. అయితే వేల జేగంటల మధ్య ఒంటరి గొంతు వినపడదు. గంటల తరబడి సాగే గాథను ఐదు నిమిషాల అంశంగా కోస్తే మిగిలేది బన్నా పేరు మాత్రమే.

పక్కనున్న ఇఫుగావ్ తెగ హుద్‌హుద్ పాటలకు 2001లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఉల్లలిమ్‌కూ రావాలని కోరుకోవడంలో తప్పు లేదు, నేనూ కోరుకుంటాను. కానీ ఆ పాటకు ముందు కావలసింది అది వినే ఊరు. బొడోంగ్ నడవాలంటే కాపాడుకోవలసిన నేల, పంచుకునే నీరు, పూచీ పడే పెద్దలు ఉండాలి. చికో మీదా దాని ఉపనదుల మీదా కొత్త ప్రాజెక్టుల ప్రతిపాదనలు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఉల్లలిమ్ మా జాతి సంపద అని చెప్పే ప్రభుత్వం ముందు ఆ ఊళ్ల పెద్దలను కూర్చోబెట్టి, ఆనకట్టకు ఒప్పుకుంటారా అని అడగాలి. వద్దంటే ఆ కాగితాలు అక్కడే చింపెయ్యాలి.