వినబడుట వేరు, అర్థమగుట వేరు

చెవిటివాని ముందు శంఖమూదినట్లు అనే సామెత మనందరికీ తెలిసినదే. కాని మా బోరబండలో మేము నిత్యం చూస్తున్న వృద్ధుల కష్టం వేరు. వారికి శంఖం వినబడుతుంది, ఎదుటివాని మాటే అర్థం కాదు. ఇంట్లో ఒక్కరితో చక్కగా సంభాషించే పెద్దమనిషి సంతలోనో, పెళ్లి పందిట్లోనో నలుగురి మధ్య నిలబడగానే తికమకపడతాడు. ఇంటివారు "పట్టించుకోడు" అని నిందిస్తారు. క్రమంగా అతడు నలుగురిలోకి రావడమే మానుకుంటాడు.

అట్టివానిని పరీక్షకు తీసుకొనిపోతే నిశ్శబ్దపు గదిలో కూర్చుండబెట్టి సన్నని నాదాలు వినిపిస్తారు. ఏ స్థాయి నాదం ఎంత మెల్లగా ఉన్నా వినగలడో ఆ పరీక్ష చెబుతుంది. దాని అవసరాన్ని మేము కాదనము. కాని మన జీవితం నిశ్శబ్దపు గదిలో సాగడం లేదు. రొదలో మాట ఎంత అందుతున్నదో తెలియాలంటే రొదలోనే వాక్యాలు వినిపించి తిరిగి చెప్పించాలి. సరిగా చెప్పినకొద్దీ మాటను తగ్గిస్తూ, తప్పినకొద్దీ పెంచుతూ, సగం వాక్యాలు అందే స్థాయిని కనుగొంటారు. ఆ స్థాయి వద్ద ఒక్క డెసిబెల్ తేడా వచ్చినా నూటికి పది పాళ్లో, అంతకు మించియో మాట జారిపోగలదు.

ఈ పద్ధతి కొత్తది కాదు. 1979లో హాలెండు పరిశోధకులు ప్లాంప్, మింపెన్ డచ్చి భాషలో ఇట్టి పరీక్షను రూపొందించారు. ఆంగ్లంలో 1994లో "హింట్" వచ్చింది. తెలుగులో సమాన క్లిష్టత గల వాక్య జాబితాలను కిశోర్ తన్నీరు, విజయకుమార్ నార్నె ప్రభృతులు 2017లో ప్రకటించారు. ఇది సంతోషించదగిన ప్రారంభం. అయితే ప్రారంభమే గమ్యం కారాదు.

ఒక జాబితా సులభమై మరొకటి కఠినమైతే, వినికిడి యంత్రం పెట్టకముందు, పెట్టిన తరువాత వచ్చిన ఫలితాలను పోల్చలేము. ఒకసారి విన్న వాక్యం జ్ఞాపకముంటుంది గనుక జాబితాలు అనేకం కావాలి. మార్కులు వేసే తీరును సైతం ఆలోచించాలి. తెలుగులో అర్థం తరచు మాట చివరనే ఉంటుంది. "తిన్నాక మందు వేసుకో" అన్నదానిని "తినకముందు వేసుకో" అని విన్నవానికి అందని భాగం స్వల్పమే గాని, ఫలితం స్వల్పం కాదు. అన్నిటికంటె ముఖ్యం భాష. మేము ఈ వ్యాసాన్ని గ్రంథభాషకు దగ్గరగా వ్రాస్తున్నాము, కాని పరీక్ష ఇట్లుండరాదు. "ఎచ్చటికి వెళ్లుచున్నావు" అంటే మా వాడలోని అవ్వ తడబడితే అది చెవి దోషం కాదు. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడే తల్లిని తెలుగు వాక్యాలతో పరీక్షించి ఆమె చెవిని కొలిచామనుకోవడం అన్యాయమే.

మనకు సాధనాల కొరత లేదు. బోరబండకు పొరుగున ఫిలింనగరులో, జూబిలీహిల్సులో సంభాషణను స్పష్టంగా ముద్రించి, దాని క్రింద రొదను తగుపాళ్లలో కలపడం తెలిసిన నిపుణులున్నారు. ఉస్మానియా ఉపకులపతిగా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేర 1983లో బొంబాయిలో వెలసిన జాతీయ సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రమున్నది. కొరత వాక్యాలది. ఆ పని మన ఉర్దూ, తెలుగు విద్యార్థులది.

కళాశాల పాలకవర్గానికి మా విన్నపం ఇది: ఈ సంవత్సరం రెండు భాషా విభాగాలు కలిసి ఇళ్లలో, అంగళ్లలో నిజంగా పలికే పొట్టి వాక్యాలను భాషకు రెండువందల చొప్పున సేకరించాలి. అవి ఎంత సహజమో వాడలోని పెద్దలచేతనే నిర్ణయింపజేయాలి. తరువాత కొలతల పనిని శ్రవణశాస్త్ర నిపుణులకు అప్పగించాలి. ఖర్చు స్వల్పం, శ్రద్ధ అధికం.

2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వినికిడి చికిత్స, పునరావాసం అవసరమైన వారు ప్రపంచంలో 43 కోట్లని ప్రకటించింది. ఆ లెక్కలో మన ఇంటి పెద్దలు కూడ ఉన్నారు. వారు మనకు మాటలు నేర్పారు. ఆ మాటలతోనే వారి చెవిని పరీక్షించడం మనం తీర్చవలసిన ఋణం.